పైపూత ఎవరి కోసం?

"ఏం పెట్టారమ్మా దీనికి?"

పశువుల డాక్టరు గారు అడిగిన ఆ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. "కొత్తగా ఏమీ పెట్టలేదండీ. రోజూ పెట్టే అన్నమే. నిన్న మా బాబు పుట్టినరోజు... పిల్లలు కాస్త కేకు పెట్టారంతే!" అన్నాను. ఆ 'కాస్త'కీ 'అంతే'కీ మధ్యనే మా కర్రిగాడి ప్రాణం కొట్టుకుంటోందని ఆ క్షణాన నాకు తెలీదు.

కర్రిగాడంటే మా కుక్క. జాతి కుక్కేం కాదు. మా బెల్లంకొండలో మిరప కల్లాల దగ్గర కాపలా కాసే కుక్కల సంతానమే. ఒక వానాకాలం రాత్రి తడిసి ముద్దయి మా అరుగు ఎక్కిన ఆ నల్లటి కూనని మా అమ్మాయి కొంగు పట్టుకున్నట్టు పట్టుకుని ఇంట్లోకి తెచ్చింది. "ఇల్లు కుక్కల సత్రం చేస్తారా?" అని మొదట్లో విసుక్కున్న మా అత్తయ్యగారే ఇప్పుడు వాడికి అన్నం పెట్టందే తను కంచం ముందు కూర్చోరు.

ఆ పుట్టినరోజు నాడు సత్తెనపల్లి నుంచి చాక్లెట్ కేకు తెప్పించాం. పైన వేలెడు మందాన క్రీం. పెద్దవాళ్లం తీపి ఎక్కువైందని ఆ క్రీంని ప్లేట్ల అంచుల్లో వదిలేశాం. పారేయడం ఎందుకని పిల్లలు అదంతా ఊడ్చి, అట్టపెట్టెతో సహా కర్రిగాడి ముందు పెట్టారు. వాడు అట్టని కూడా నాకేశాడు. మేమంతా చూసి నవ్వుకున్నాం.

అర్ధరాత్రికి వాంతులు మొదలయ్యాయి. ఒకచోట నిలవడు, పడుకోడు, నాలిక బయటపెట్టి ఒకటే ఒగర్పు. గుండె మీద చెయ్యి వేస్తే రైలింజనులా కొట్టుకుంటోంది. మావారు "అజీర్తిలే, తెల్లారితే సర్దుకుంటుంది" అన్నారు. తెల్లారేసరికి కాళ్లు వణకడం మొదలైంది. ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. సెలైన్లు, ఇంజెక్షన్లు. రెండు రోజులకి గానీ తోక ఊపలేదు. బతికాడు. అది మా అదృష్టమే గానీ తెలివి కాదు.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, ఈమధ్య కుక్కలకి పుట్టినరోజులు చేయడం మన చిన్న ఊళ్లకీ వచ్చేసింది. హైదరాబాదు, విజయవాడల్లో కుక్కల కోసమే కేకులు చేసి అమ్మేవాళ్లున్నారు. అవి చూసి మన పిల్లలు ఇంట్లోనే బిస్కెట్లు చేసి, పైన క్రీం పూసి, పేరు రాసి, ఫోటోలు తీస్తున్నారు. ముచ్చటే, కాదనను. కానీ కేకు మీద వేసే క్రీం, ఐసింగ్ అంటామే, అది మనుషుల నాలిక కోసం పుట్టింది. దాన్ని అలాగే తీసుకెళ్లి కుక్క బిస్కెట్ మీద పూస్తే ఏమవుతుందో ఆ రాత్రి మా ఇంట్లో చూశాను.

అసలు ఆ పైపూత ఎవరి కోసం? కుక్క కళ్లకి నీలం, పసుపు ఛాయలు తెలుస్తాయి గానీ ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు. మనం ముచ్చటపడి పూసిన గులాబీ రంగు దానికి మసక మసకగా కనిపిస్తుంది. మన నాలిక మీద రుచి మొగ్గలు 9000 దాకా ఉంటే దాని నాలిక మీద 1700 మాత్రమే. అది ముందు వాసన చూస్తుంది, ఆ తర్వాత మన చెయ్యి చూస్తుంది. పెట్టింది మనం కాబట్టి తింటుంది. రంగూ హంగూ మన కళ్ల కోసమైనప్పుడు, అందులోని మంచిచెడ్డలు చూసే పూచీ కూడా మనదే కదా!

డాక్టరు గారు ఆ రోజు చెప్పినవి, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి మీ ముందు పెడతాను.

మొదటిది కోకో. అందులో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లో అది త్వరగానే అరిగిపోతుంది. కుక్క ఒంట్లో అందులో సగం పోవడానికే 17 గంటలకు పైగా పడుతుంది. ఈలోగా గుండె, నరాలు దాని చేతిలో చిక్కుతాయి. చాక్లెట్ ఎంత నల్లగా, చేదుగా ఉంటే అంత ప్రమాదం. అన్నిటికంటే గట్టిది కోకో పొడి. 10 కిలోల కుక్కకి రెండు పెద్ద చెంచాల కోకో పొడి చాలు, వాంతులూ గుండెదడా మొదలవడానికి. ఇంట్లో ఐసింగ్‌లో కలిపేది సరిగ్గా ఆ పొడే!

రెండోది ఇంకా మోసకారి. పేరు జైలిటాల్. చక్కెర వద్దనుకునేవాళ్ల కోసం వాడే ఒక తీపి. కొన్ని షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లు, మిఠాయిలు, టూత్‌పేస్టులు, నోరు పుక్కిలించే మందులు, విదేశాల నుంచి వచ్చే కొన్ని వేరుశనగ వెన్న డబ్బాల్లో ఉంటుంది. మనుషుల్ని ఏమీ చేయదు. కుక్క కడుపులో పడితే మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా పొంగి, గంటలోపే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. తూలడం, పడిపోవడం, ఫిట్స్... మోతాదు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. 10 కిలోల కుక్కకి ఒక్క గ్రాము జైలిటాల్ చాలు ఈ ప్రమాదం రావడానికి. 'పంచదార మంచిది కాదుగా, షుగర్ ఫ్రీ వేద్దాం' అని మనం తెలివిగా చేసే పనే దాని ప్రాణం మీదికి తెస్తుందన్నమాట. అందుకే డబ్బా వెనక సన్నక్షరాలు చదవండి. కొన్నిటి మీద పేరు ఉండదు, 967 అనే అంకె మాత్రమే ఉంటుంది. అది కూడా జైలిటాలే.

మూడోది వింటే మన ఆంధ్ర వంటింటికి ఉలికిపాటు కలుగుతుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకి మూత్రపిండాలు చెడిపోతున్నాయని 2001లో అమెరికా పశువైద్యులు పత్రికకెక్కించారు. ఎందుకో మాత్రం ఇరవయ్యేళ్ల దాకా అంతుపట్టలేదు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్ద తిన్న కుక్కకి అచ్చం అలాంటి జబ్బే వచ్చేసరికి అక్కడి నిపుణులకి దారి దొరికింది. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది. ద్రాక్షలో ఉన్నదీ, దీనిలో ఉన్నదీ టార్టారిక్ ఆమ్లమే. కారణం అదే అయ్యుంటుందని 2021లో వాళ్లు రాశారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు 2022లో మరో వ్యాసం వచ్చింది.

క్రీమ్ ఆఫ్ టార్టార్‌ని గుడ్డు తెల్లసొన నురగ నిలబడటానికి ఐసింగ్‌లలో వాడతారు. ఇక చింతపండంటారా, అది లేని మన చారేది, పులుసేది, పులిహోరేది? మిగిలిన పులుసన్నం తీసుకెళ్లి కుక్కకి పెట్టే మన అలవాటుని ఒక్కసారి తిరిగి చూసుకోవాలి. అందులో ఉల్లిపాయలు కూడా ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తంలోని ఎర్ర కణాల్ని పగలగొడతాయి. ఆ నీరసం అప్పటికప్పుడు కనబడదు, నాలుగైదు రోజులకి బయటపడుతుంది. అప్పటికి మనం పెట్టింది ఏమిటో మనకే గుర్తుండదు.

ఇక వెన్న, వనస్పతి, పంచదార కలిపి గిలకొట్టిన మామూలు క్రీం. అది విషం కాదు. కానీ కొవ్వు ఒక్కసారిగా ఎక్కువైతే కుక్క క్లోమ గ్రంథి వాచి ప్రాణాపాయం రావచ్చు. జాజికాయ పొడి, కేకుల మీద చల్లే వెండి పూసలు, సీసా రంగులు కూడా వద్దు.

"ఇవన్నీ ఇప్పటి వేషాలమ్మా! మా రోజుల్లో కుక్కలు ఎంగిలాకులు నాకి బతకలేదా?" అని మా అత్తయ్యగారు అననే అన్నారు. న్యాయమైన ప్రశ్నే. బతికాయి. కొన్ని బతికాయి. చచ్చిపోయిన వాటిని ఎవరు లెక్కపెట్టారు? 'ఏం తిందో ఏమో' అని గోతాం పట్టాలో చుట్టి చేను గట్టున పూడ్చేశాం. ఎందుకు పోయిందని అడిగిన వాళ్లెవరు? పైగా ఆనాడు కుక్క కడుపున పడింది గంజి, జొన్నరొట్టె ముక్క, మజ్జిగన్నం. ఈ కోకోలూ, షుగర్ ఫ్రీలూ ఆ ఇళ్లలో ఎక్కడివి? ఈ మాట చెబితే ఆవిడ కాసేపు ఆలోచించి, "అదీ నిజమేలే" అన్నారు.

కుక్క తిన్నదేమిటో పట్టించుకోవడం కుక్క కోసమే కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల్లోని 200కి పైగా గిరిజన గ్రామాల్లో ఏదో కామెర్ల జబ్బు పాకింది. కడుపులు ఉబ్బి వందమందికి పైగా చనిపోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలకీ అదే జబ్బు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించి 1975లో రాశారు. కోతకి ముందు వానలకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలే కారణం. ఆ బూజులో పుట్టే విషం పేరు అఫ్లటాక్సిన్. వేరే తిండి కొనుక్కునే తాహతు లేని వాళ్లు తెలిసో తెలియకో అవే తిన్నారు. కంచం ఒకటే, జబ్బూ ఒకటే. కుక్క కంచంలోకి తొంగి చూడటమంటే మన కంచంలోకి చూసుకోవడమే.

ఆ బూజు వేరుశనగలకీ పడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్లు చనిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలోనే ఈ విషాన్ని మొదటిసారి కనిపెట్టారు. కొన్నదైతే భయం లేదనుకోవడానికీ లేదు. 2020 చివర్లో అమెరికాలో బూజు విషం ఉన్న కుక్కల మేత తిని 110కి పైగా పెంపుడు జంతువులు చనిపోయాయి. అందుకే, కుక్క కోసం కదా అని ముక్కిపోయిన పల్లీలు, పురుగు పట్టిన పిండి, బూజు రొట్టె ఏరి పక్కన పెట్టకండి. మనం తినలేనిది దానికీ పెట్టకూడదు. వేపినా, ఉడకబెట్టినా ఆ విషం పూర్తిగా పోదు.

మరి పిల్లల ముచ్చట సంగతి? మరుసటి ఏడు మా అమ్మాయి, "అమ్మా, తమ్ముడికి కేకు కోస్తాం, కర్రిగాడికేం లేదా? పోయినేడు వాడికి జబ్బు చేసింది, ఈసారి వాడికీ చెయ్యి" అని కూర్చుంది. సరే, ఇద్దరం కలిసి చేశాం. ఓవెన్ లేదు, కొత్తగా కొన్నదీ లేదు.

అడుగు ముక్కలకి: కప్పు జొన్నపిండి, పావు కప్పు ఉడికించి మెదిపిన తియ్యగుమ్మడి, ఒక గుడ్డు. ఉప్పు, పంచదార, సోడా ఏవీ వద్దు. ముద్ద చేసి, బొటనవేలంత చిన్న చిన్న బిళ్లలుగా ఒత్తి, నూనె లేకుండా పెనం మీద సన్నని సెగన రెండు వైపులా బాగా కాల్చాలి. లోపల పచ్చి ఉండకూడదు. పూర్తిగా చల్లారాకే పూత వేయాలి, లేకపోతే జారిపోతుంది.

పెరుగు పూత: మీగడ తీసిన పాలతో తోడుపెట్టిన కమ్మటి పెరుగు ఒక కప్పు తీసుకోండి. గేదెపాల పెరుగైతే పైన కట్టిన మీగడ తప్పకుండా తీసేయండి. శుభ్రమైన పల్చటి గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, అడుగున గిన్నె ఉంచి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెడితే నీరంతా దిగి చిక్కటి తెల్లటి ముద్ద మిగులుతుంది. అదే మన క్రీం! పసుపు ఛాయ కావాలంటే రెండు చెంచాల ఉడికిన గుమ్మడి గుజ్జు, గులాబీ ఛాయ కావాలంటే ఉడికిన బీట్‌రూట్ రసం నాలుగు చుక్కలు.

చిలగడదుంప పూత: పెద్దయ్యాక చాలా కుక్కలకి పాలు అరగవు. పెరుగు పాలకంటే నయమే గానీ కొన్నిటికి అదీ పడదు. అలాంటి వాటికి చిలగడదుంప ఉడికించి, తొక్క తీసి, నీళ్ల చుక్కలతో మెత్తగా మెదిపితే చాలు. మిక్సీలో వేస్తే చక్కగా పూయడానికి వస్తుంది.

పల్లీ పూత: బూజు, ముడత లేని పల్లీలు ఏరి, దోరగా వేపి, పొట్టు తీసి, ఉప్పూ తీపీ లేకుండా మెత్తగా రుబ్బి, గోరువెచ్చని నీళ్లతో పల్చన చేయాలి. వాసనకి కుక్కలు పడిచస్తాయి. కానీ దీన్ని పూయకూడదు, తాకించాలి. ఎందుకంటే 10 కిలోల కుక్కకి రోజు మొత్తానికి కావలసింది సుమారు 600 కేలరీలు. చిరుతిండి అందులో పదోవంతు, అంటే 60 దాటకూడదంటారు. ఒక్క పెద్ద చెంచా పల్లీ ముద్దలోనే 90 దాకా ఉంటాయి!

పూత వేసిన బిళ్లలు ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచకండి. మన పల్నాడు ఎండల్లో బయట గంట కూడా వద్దు. కొత్తది ఏదైనా మొదటిరోజు ఒక్క బిళ్ల పెట్టి మర్నాటి దాకా చూడండి. వాంతి గానీ విరేచనం గానీ అయితే అది వాడికి పడలేదన్నమాట. చిన్న కూనలు, చూడి కుక్కలు, చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్న కుక్కలైతే డాక్టరుని అడక్కుండా ఏదీ వద్దు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏదో ఒకరోజు పొరపాటు జరగొచ్చు. అప్పుడు ఏం చేయాలో కూడా తెలిసుండాలి. చాలామంది వాంతి చేయించాలని ఉప్పునీళ్లు తాగిస్తారు. వద్దు. ఆ ఉప్పే ప్రాణం తీయొచ్చు. తిన్నదేమిటి, ఎంత, ఎన్ని గంటలకి అన్నది ఒక కాగితం మీద రాసుకుని, డబ్బా గానీ కవరు గానీ చేతపట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. 'తెల్లారాక చూద్దాం' అనుకోవద్దు. మేం చేసిన తప్పు అదే. ఊళ్లో డాక్టరు అందుబాటులో లేకపోతే పశువుల వైద్యం కోసం ప్రభుత్వం పెట్టిన 1962 నంబరుకి ఫోన్ చేసి అడగండి.

ఇంకో మాట. "మనుషులకే దిక్కులేకపోతే కుక్కలకి కేకులా?" అని ముక్కున వేలేసుకునే వాళ్లుంటారు. ఆ మాటలోనూ నిజం లేకపోలేదు. ఫోటో కోసం వందలు పోసి కేకు కొని, అది కాస్తా నాకి వదిలేస్తే చెత్తలో పారేసేవాళ్లని చూస్తే నాకూ మనసు చివుక్కుమంటుంది. కానీ గుప్పెడు జొన్నపిండి, ఒక గుమ్మడి ముక్క, కప్పు పెరుగు ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోవు. స్వర్గం వాకిట నిలబడి కూడా వెంట వచ్చిన కుక్కని వదలనన్న ధర్మరాజు కథ చెప్పుకునే వాళ్లం మనం. మన గుమ్మంలో కాపలా ఉన్న ప్రాణికి పెట్టే పిడికెడేదో తెలిసి పెడదాం అంటున్నాను, అంతే.

ఇంట్లో ఎవరికేం పడుతుందో, ఎవరికేం పడదో గుర్తుపెట్టుకునేది సాధారణంగా ఇల్లాలే. మావయ్యగారికి ఉప్పు తగ్గించాలి, చంటివాడికి పల్లీ పడదు, చుట్టం షుగర్ మనిషి... ఇన్ని గుర్తుండే బుర్రలో ఈ నాలుగు పేర్లకీ చోటుంటుంది: కోకో, జైలిటాల్, ద్రాక్షా చింతపండూ, ఉల్లీ వెల్లుల్లీ. అయితే ఈ జ్ఞానమంతా మన ఒక్కరి నెత్తినే ఉంటే లాభం లేదు. ఆ రోజు కేకు పెట్టింది నేను కాదు, పిల్లలు. నవ్వుతూ చూసింది పెద్దలం. అందుకే ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటించండి. ఇంటికొచ్చిన చుట్టానికీ, పక్కింటి పిల్లలకీ చెప్పండి. 'మా కుక్కకి మేం చెప్పకుండా ఏదీ పెట్టొద్దండీ' అనడంలో మర్యాద తప్పేం లేదు.

మా ఊరి పేరులో బెల్లం ఉన్నా కర్రిగాడి కేకులో మాత్రం బెల్లం లేదు. అయినా వాడు నాలుగు బిళ్లలూ గుటుక్కున మింగి, ఐదోదాని కోసం మా అత్తయ్యగారి చీరకుచ్చెళ్లు పట్టుకున్నాడు. ఆవిడ చేయి చాచబోతుంటే మా అమ్మాయి అడ్డుపడింది. "నాయనమ్మా! వాడికివాళ్టికి అంతే. లెక్క అయిపోయింది" అంది. పక్కనే గోడ మీద పలక. దాని మీద సుద్దముక్కతో తను రాసింది ఉంది. ఏం పెట్టామో, ఎన్ని పెట్టామో, ఎన్ని గంటలకో.

"ఏం పెట్టారమ్మా దీనికి?" అని రేపెవరైనా అడిగితే, మా ఇంట్లో ఇప్పుడు జవాబు ఉంది. మీ ఇంట్లో?